‘తెలీదు’ అంటే సైన్సు పరువు పోతుందా?

ప్రశ్న: మాస్టారూ, కోనసీమలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెబుతాను. మొన్న జూలైలో ఎర్రనీరు వచ్చిన రోజుల్లో, లంకలోంచి పడవ దాటి బడికొచ్చే తొమ్మిదో తరగతి కుర్రాడొకడు లేచి, “టీచర్, ఈ ఏడు గోదారి మా ఇంట్లోకొస్తుందా?” అని అడిగాడు. “తెలీదు నాన్నా” అన్నాను. “సైన్సు టీచరుక్కూడా తెలీదా?” అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఇంటికొచ్చి చెబితే మా మామగారు, “ప్రకృతి గుట్టు పైవాడికే తెలియాలి, మీ పుస్తకాలకేం తెలుస్తుందమ్మా” అన్నారు. హైదరాబాదులో ఇంజనీరింగు చదివే మా అబ్బాయి ఫోన్లో విని, “డేటా చాలక అలా ఉందమ్మా. ఇంకో పదేళ్ళాగు, కంప్యూటర్లు అన్నీ చెప్పేస్తాయి” అన్నాడు. ఇద్దరిలో ఎవరి మాట నిజం? ప్రకృతిని మనిషి ఎప్పటికైనా పూర్తిగా తెలుసుకోగలడా? ఆ పిల్లాడికి నేనేం చెప్పి ఉండాల్సింది?
– ఒక టీచరు, కోనసీమ

జవాబు:

అమ్మా,

క్లాసు నవ్విందని బాధపడకండి. ముప్పై ఏళ్ళు కాలేజీలో ఫిజిక్సు చెప్పినవాణ్ణి, నన్ను చూసి నవ్విన క్లాసులెన్నో నాకే లెక్క లేదు. మీ ఉత్తరంలో నన్ను నిలబెట్టేసింది ఆ కుర్రాడి ప్రశ్న. వరదలు ఎందుకొస్తాయని వాడు అడగలేదు. అది పాఠంలో ఉంది, మీరు చెప్పే ఉంటారు. “మా ఇంట్లోకొస్తుందా” అన్నాడు. త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచొచ్చిన నదిని తీసుకొచ్చి తన గడప ముందు నిలబెట్టాడు. మన తెలివితేటలన్నీ తడబడేది సరిగ్గా ఆ గడప దగ్గరే.

ముందు మా ఇంటి సంగతొకటి చెబుతాను. గౌతమి ఏటిగట్టుకి ఫర్లాంగు దూరంలో మా పాత పెంకుటిల్లు. వీధరుగు మీద నాలుగు టేకు స్తంభాలు. అందులో ఒకదానికి మా తాతగారు ఉలితో గంటు కొట్టించి, దాని మీద తారు పూయించారు. 1953 వరదకి నీళ్ళు అక్కడిదాకా వచ్చాయి. ఆ తర్వాత ఇంట్లో ఏం కట్టినా, ఏం పెట్టినా ఆ గీతే కొలబద్ద. ధాన్యం గాదెకి అరుగు గీత కంటే జానెడు ఎత్తున లేపారు. విత్తనాల బస్తాలు, దస్తావేజుల పెట్టె, మా నాయనమ్మ ఇత్తడి సామాను అన్నీ గీతకి పైనే. “మా నాన్న చూడలేదు, వాళ్ళ నాన్నా చూడలేదు. ఇంతకు మించి గోదారి రాదురా” అనేవారు తాతగారు. అది మూఢనమ్మకం అనడానికి లేదు. మూడు తరాలవాళ్ళు కళ్ళారా చూసి చెప్పిన మాట. సైన్సులో మనం చేసేది మాత్రం ఇంతకంటే ఏముంది? చూస్తాం, గీత గీస్తాం, గీతని నమ్ముకుని గాదె కడతాం.

1986 ఆగస్టు వచ్చింది. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. మేమంతా పక్కవాళ్ళ డాబా ఎక్కి కూర్చున్నాం. నాకు అప్పటికి ముప్పై నిండలేదు. కాలేజీలో కుర్రాళ్ళకి బెర్నౌలీ సిద్ధాంతం చెబుతున్న మనిషిని, మా అరుగు మీద తారుగీత కాస్త కాస్తగా మునిగిపోతుంటే అలా చూస్తూ ఉండిపోయాను. మునిగిన తర్వాత కూడా నీళ్ళు ఇంకో మూరెడు లేచాయి. నీళ్ళు తీశాక గాదె తలుపు తెరిస్తే ధాన్యం ముద్దకట్టి, మధ్యలో తెల్లటి మొలకలు. చెయ్యి పెడితే లోపల జ్వరం వచ్చిన ఒంట్లా వేడి. ఆ పులిసిన వాసన దసరా దాకా ఇల్లు వదల్లేదు.

తాతగారు అప్పటికి పోయారు. కొత్త మట్టం దగ్గర ఇంకో గీత కొట్టిద్దామని వడ్రంగిని పిలిపిస్తే మా నాన్నగారు వద్దన్నారు. “ఎందుకురా, మళ్ళీ దాన్ని నమ్ముకోడానికా?” అన్నారు.

పద్దెనిమిదో శతాబ్దంలో స్కాట్లండులో డేవిడ్ హ్యూమ్ అనే తత్త్వవేత్త పట్టుకున్న చిక్కు ఇదే. నిన్నటిదాకా జరిగినదాన్ని బట్టి రేపు కూడా అలాగే జరుగుతుందనడానికి తర్కంలో ఆధారం ఏదీ లేదన్నాడు. అలవాటు కొద్దీ నమ్ముతాం, అంతే. ఆయన వాదనని నేను ఎంతోమంది పిల్లలకి చెప్పాను గానీ, నిజంగా ఒంటబట్టింది మాత్రం నాన్నగారి ఆ ఒక్క మాటతోనే. అయితే నాన్నగారిది సగమే నిజమని తర్వాత తర్వాత తెలిసొచ్చింది. గీత గియ్యకపోతే మరేం చేస్తాం? పోలవరం స్పిల్‌వేని 50 లక్షల క్యూసెక్కుల వరదని తట్టుకునేలా డిజైన్ చేశారు. గోదావరి రికార్డుల్లో అంత నీరు ఎవరూ చూడలేదు. చూసినదాని దగ్గర గీత గీసి ఆగిపోకుండా, చూడనిదానికి కూడా కొంత చోటు వదిలారన్నమాట. మా తాతగారు జానెడు వదిలారు. వీళ్ళు పదిహేను లక్షల క్యూసెక్కులు వదిలారు. చదువు ఎక్కువైన కొద్దీ తెలియనిదానికి వదిలే చోటు పెరిగింది చూశారా! మనం అనుకునేది దీనికి తలకిందులు కదా.

ఇప్పుడు మీ అబ్బాయి మాటకొద్దాం. కుర్రాడి ధీమా నాకు నచ్చింది, పైగా అది చాలా పాత ధీమా. 1814లో ఫ్రాన్సులో లాప్లాస్ అనే గణితవేత్త రాశాడు: ఈ క్షణాన విశ్వంలో ప్రతి అణువూ ఎక్కడుందో, దాని మీద ఏ బలాలు పనిచేస్తున్నాయో తెలిసిన బుద్ధి ఒకటుంటే, దానికి జరిగిపోయినదీ జరగబోయేదీ రెండూ కళ్ళముందే ఉంటాయని. డేటా చాలకే తెలియడం లేదు అనే మాటకి మూలపురుషుడు ఆయనే.

ఆ ధీమాకి బీట పడింది 1961లో, అమెరికాలో. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే వాతావరణ శాస్త్రవేత్త దగ్గర రాయల్ మెక్‌బీ అనే కంప్యూటరుండేది. అందులో ఆయన ఓ చిన్న కాగితపు వాతావరణాన్ని నడిపిస్తున్నాడు, పన్నెండు సమీకరణాలతో. ఒకరోజు పాత లెక్కని మధ్యలోంచి మళ్ళీ నడిపిద్దామని, అచ్చయిన కాగితం మీదున్న అంకెని ఎక్కించి కాఫీకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి రెండో లెక్క మొదటిదానితో పోలికే లేకుండా వేరే దారి పట్టింది. యంత్రం పాడైందనుకున్నాడు. యంత్రం నిక్షేపంలా ఉంది. లోపల అంకె 0.506127. కాగితం మీద అచ్చయింది 0.506. ఆ తోక తెగడంతో వచ్చిన తేడా నాలుగు వేలల్లో ఒక వంతు. దానికే వాతావరణం మొత్తం మారిపోయింది.

మన వైపు ఇది చూడటానికి కంప్యూటరక్కర్లేదు. వరద నీళ్ళప్పుడు పంటు అంచున నిలబడి రెండు కొబ్బరి డొక్కలు ఒకదాని పక్కన ఒకటి వదలండి. బెత్తెడు దూరం కూడా ఉండదు వాటి మధ్య. కాసేపు జంటగా పోతాయి. తర్వాత ఒకటి సుడిలో పడి గిరగిరా తిరిగి ఈ ఒడ్డునే రెల్లుపొదల్లో ఆగిపోతుంది, రెండోది నడిమి ధార పట్టుకుని సముద్రం దారి పడుతుంది. రెంటికీ ఒకే నది, ఒకే నియమాలు. అవి న్యూటన్ నియమాలే, అందులో రహస్యం ఏమీ లేదు. నియమం తెలియడం వేరు, డొక్క ఎక్కడ తేలుతుందో తెలియడం వేరు.

కాబట్టి మీ అబ్బాయికి చెప్పండి: డేటా పెరిగితే అంచనా మెరుగవుతుంది, నిజమే. కానీ కొలత పది రెట్లు సూక్ష్మం చేస్తే అంచనా పది రెట్లు దూరం పోదు. కొద్ది రోజులే కలిసొస్తాయి. ఫలానా రోజు ఫలానా చోట వాన పడుతుందా అనేదానికి సుమారు రెండు వారాల దగ్గర గోడ ఉందని వాతావరణ శాస్త్రవేత్తలే లెక్కగట్టారు. ఇప్పుడున్న యంత్రాలు ఇంకా ఆ గోడ దాకా కూడా చేరలేదు. చేరినా దూకడానికుండదు.

అలాగని మీ మామగారు గెలిచారా? లేదండీ. ఆయన మాటకీ పెద్ద వంశమే ఉంది. 1872లో జర్మనీలో డు బ్వా రేమాన్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త పెద్ద సభలో నిలబడి, పదార్థం అసలు స్వభావం ఏమిటో, మెదడులోంచి ఎరుక ఎలా పుడుతుందో మనకి తెలియదు, ఎప్పటికీ తెలియదు అని తేల్చేశాడు. లాటిన్లో ఒక్క మాట: ఇగ్నోరాబిముస్. దానిమీద మండిపడి 1930 సెప్టెంబరు 8న కోనిగ్స్‌బర్గ్‌లో డేవిడ్ హిల్బర్ట్ అనే గణితవేత్త, “మనం తెలుసుకోవాలి, తెలుసుకుని తీరతాం” అని గర్జించాడు. ఆ మాటే ఆయన సమాధి మీద చెక్కారు. తమాషా ఏమిటంటే, సరిగ్గా దానికి ముందు రోజు అదే ఊళ్ళో ఇంకో సమావేశంలో కుర్ట్ గోడెల్ అనే ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు, గణితంలో నిజమై ఉండి కూడా మనం పెట్టుకున్న నియమాల పద్ధతిలో రుజువుకి అందనివి ఉంటాయని నెమ్మదిగా చెప్పి కూర్చున్నాడు. చాలామంది అప్పుడు పట్టించుకోలేదు. గోడెల్ చెప్పింది లెక్కల గురించమ్మా, గోదారి గురించి కాదు. ఈ మధ్య ప్రతి ప్రవచనంలోనూ గోడెల్‌నీ, హైజెన్‌బర్గ్ అనిశ్చితి సూత్రాన్నీ తెచ్చి మనిషికేమీ తెలియదు అనేదానికి సాక్ష్యం చెప్పిస్తున్నారు. హైజెన్‌బర్గ్ 1927లో చెప్పింది ఎలక్ట్రానులాంటి వాటి స్థానం, ద్రవ్యవేగాల సంగతి. దాన్ని పట్టుకొచ్చి వరద నీటిమట్టానికి తగిలిస్తే ఆ తేడా ఏ కొలబద్దకీ కనపడదు. క్లాసులో ఎవరైనా అడిగితే ఇది మాత్రం గట్టిగా చెప్పండి.

మామగారి మాటలో నాకు అభ్యంతరం వేరే. పైవాడికే తెలియాలి అన్నవి కాలంతోపాటు జరుగుతూ వచ్చాయి. మన కోరంగి రేవునే చూడండి. 1789లోనూ, 1839లోనూ తుపాను ఉప్పెనలు ఆ ఊరిని ఊడ్చిపెట్టాయి. 1839 తర్వాత ఆ రేవు మళ్ళీ పూర్వంలా లేవలేదు. అప్పటివాళ్ళకి ఆ గాలి ఏమిటో, ఒకసారి తూర్పు నుంచి కొట్టి, కాసేపు ఆగి, మళ్ళీ పడమటి నుంచి ఎందుకు కొడుతుందో తెలియదు. తర్వాత కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అనే పూర్వపు నావికుడు ఓడల లాగ్ పుస్తకాలు పోగేసి, ఇవి సుడి తిరిగే గాలులని చూపించి, 1848లో అచ్చేసిన పుస్తకంలో ‘సైక్లోన్’ అనే పేరు పెట్టాడు. చుట్టచుట్టుకున్న పాము అనే అర్థం వచ్చే గ్రీకు మాట నుంచి తీసుకున్నాడట. ప్రపంచమంతా వాడే ఆ మాట వెనక మన బంగాళాఖాతపు శవాలున్నాయి.

తర్వాత నూట యాభై ఏళ్ళకి, 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ మీద పడింది. సుడి అని తెలుసు, ఉపగ్రహంలో కనిపిస్తోంది కూడా. అయినా వెయ్యి మందికి పైగా పోయారు. తెల్లారి చూస్తే కొబ్బరితోటలు దువ్వెనతో ఒకవైపు దువ్వినట్టు పడి ఉన్నాయి. మా మేనత్త వాళ్ళ తోటలో నిలబడ్డ చెట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అదే 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖ వైపు వస్తోందని రోజుల ముందే చెప్పగలిగారు, లక్షల మందిని తరలించారు. ప్రాణనష్టం ఎంతో తగ్గింది. తుపాను అదే, బంగాళాఖాతం అదే. మధ్యలో పద్దెనిమిదేళ్ళు ఎవరో కూర్చుని లెక్కలు చేశారు. దాన్ని కాదనడం ఆ చేసినవాళ్ళకి అన్యాయం. అయినా మీ మామగారు కూడా పొద్దున్నే కాఫీ తాగుతూ టీవీలో ధవళేశ్వరం దగ్గర ఎన్నడుగులుందో చూసే ఉంటారు లెండి. అడిగి చూడండి, కోప్పడకుండా.

ఆయన తరం వాళ్ళకి కార్తెల లెక్క కూడా ఉంటుంది. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదంటారు. ఏ కార్తెలో వాన పడితే సార్వాకి మేలో అందులో తరతరాల పరిశీలన ఉంది. ఈ ఏడు ఆరుద్ర కురుస్తుందా అంటే మాత్రం సామెత నోరు మెదపదు. అడగాల్సింది దాన్ని కాదు మరి.

ఇంకోరకం తెలియకపోవడం ఉంది. దాన్ని మీ అబ్బాయీ మామగారూ ఇద్దరూ మర్చిపోయారు. దానికి సాక్ష్యంగా పులస చేపని పిలుస్తాను. సముద్రంలో ఉన్నంతకాలం అది మామూలు వలస చేప, ఎర్రనీటికి ఎదురీది గోదాట్లోకి వచ్చాకే పులస అవుతుంది, పుస్తెలమ్మించేంత పేరు తెచ్చుకుంటుంది. ఆ ప్రయాణంలో దాని ఒంట్లో జరిగేది చాలామటుకు తెలుసు. ఉప్పునీళ్ళలో ఉన్నప్పుడు అది నీళ్ళు తాగుతూ, మొప్పల్లోంచి ఉప్పుని బయటికి తోస్తుంటుంది. మంచినీళ్ళలోకి రాగానే ఆ యంత్రాంగం తిరగబడుతుంది. మొప్పలు ఉప్పుని లోపలికి లాగుతాయి, మూత్రపిండాలు పలచటి నీళ్ళని ఎడతెగకుండా తోడేస్తాయి. మనం చేస్తే చచ్చిపోయే పని అది ఈదుతూ ఈదుతూ చేసేస్తుంది. ఇదంతా కొలవొచ్చు, రాయొచ్చు, పరీక్షలో అడగొచ్చు. కానీ అంతర్వేది దగ్గర మంచినీటి రుచి తగిలినప్పుడు ఆ చేపకి ఎలా ఉంటుంది? అసలు ‘ఎలా ఉండటం’ అనేది దానికి ఉందా?

1974లో థామస్ నేగెల్ అనే అమెరికన్ తత్త్వవేత్త ఇదే ప్రశ్న గబ్బిలం గురించి వేశాడు. చీకట్లో కూత వేసి, దాని ప్రతిధ్వనితో దారి చూసుకునే ప్రాణికి లోకం ఎలా ఉంటుందో, గబ్బిలం మెదడంతా విప్పి చదివినా మనకి తెలియదు పొమ్మన్నాడు. (మన ఊరి చింతచెట్లకి తలకిందులుగా వేలాడే పెద్ద గబ్బిలాలు ఈ లెక్కలోకి రావు. అవి పళ్ళు తినేవి, కళ్ళతోనూ వాసనతోనూ దారి చూసుకుంటాయి. నేగెల్ చెప్పింది సాయంత్రం దీపాల చుట్టూ పురుగుల కోసం తిరిగే చిన్నవాటి సంగతి. పిల్లలకి చెప్పేటప్పుడు చెట్టు చూపించి పొరపడకండి.) మన తీరానికి గుడ్లు పెట్టడానికొచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళకి భూమి అయస్కాంత క్షేత్రం తెలుస్తుంది. మనకి తెలియదు. దిక్సూచి చేసుకుని ఆ లోటు పూడ్చుకున్నాం, కానీ దిక్సూచి ముల్లుని చూడటం వేరు, ఉత్తరాన్ని ఒంట్లో పట్టుకోవడం వేరు. ఈ సరిహద్దు ఎంత కొలిచినా జరగదు. మనం మనుషులమై పుట్టిన పాపానికి అది మనతోనే ఉంటుంది.

చూశారా, ఇన్ని రకాల తెలియకపోవడాలని మనం ‘తెలీదు’ అనే ఒక్క మూటలో కట్టి పిల్లాడి చేతికిస్తున్నాం. నాకు తెలీదు వేరు, ఇంకా ఎవరికీ తెలియలేదు వేరు, తెలిసే వీల్లేదు వేరు. మొదటిది విప్పడానికి పుస్తకం చాలు, రెండోదానికి బహుశా ఆ క్లాసులో కూర్చున్న వాడెవడో కావాలి. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి అంచు ఎక్కడుందో చూపించడం కూడా పాఠమే. తెలుగులో ఈ మూడింటికీ విడివిడిగా మాటలున్నాయి, మనమే బద్ధకించి వాడటం లేదు. మీరు ఆ రోజు అన్న ‘తెలీదు’లో తప్పేమీ లేదు, ఏ తెలీదో చెప్పలేదంతే.

ధవళేశ్వరం ఆనకట్ట కథ మీ అందరికీ తెలిసిందే గానీ అందులో ఒక ముక్క పుస్తకాల్లో చిన్న అచ్చులో ఉండిపోయింది. 1847లో పని మొదలుపెట్టేటప్పటికి కాటన్ దొర ముందున్న గోదావరి అడుగున రాయి లేదు. ఇసుక. ఎంత లోతుకి ఇసుకో ఎవరూ కొలవలేదు. మరి పునాది దేనిమీద నిలబెట్టాలి? కావేరి మీద చోళుల కాలపు కల్లణై అనే ఆనకట్టని ఆయన అప్పటికే చూసి ఉన్నాడు. కొలతకందని లోతున్న వదులు ఇసుకలో పునాదిని ఎలా నిలపాలో ఈ దేశస్థుల దగ్గరే నేర్చుకున్నామని ఆయనే రాసుకున్నాడు. బండరాళ్ళు ఇసుకలోకి కూరుకుంటాయి. కూరుకోనిస్తారు. దానిమీద ఇంకొన్ని వేస్తారు. అవి కుదురుకునేదాకా వేస్తారు. 1852కి పని పూర్తయింది. అడుగు ఎక్కడుందో తెలియకుండా కట్టిన ఆ కట్టడం, 1980ల మొదట్లో 175 గేట్ల బ్యారేజీ దాని చోట వచ్చేదాకా నూట ముప్పై ఏళ్ళ పాటు డెల్టాలో లక్షల ఎకరాలకి నీళ్ళు పెట్టింది. ఇవాళ మీరూ నేనూ తింటున్న అన్నం ఆ ఇసుక మీద పండినదే. కొందరు పురోహితులు గోదావరి స్నాన సంకల్పంలో ఆయన్ని తలుచుకుంటారు.

నాకు ఈ కథలో నచ్చేది కాటన్ గొప్పతనం అంత కాదు. ఇసుక లోతు తెలియదని వెనక్కి పోలేదు, తెలుసని అబద్ధమూ ఆడలేదు. ఎంత బరువుకి ఎంత కూరుకుంటోందో మాత్రం కళ్ళు పెట్టుకుని చూశాడు. ఆ పాటి తెలిస్తే చాలు.

ఇక మీ పని. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మీ పిల్లలకి ఈ అంకెలు నోటికొచ్చే ఉంటాయి. వాళ్ళకి రానిది ఏమిటంటే, ఏ అంకె దగ్గర నీళ్ళు తమ వాకిట్లోకి వస్తాయో. అది ఏ ప్రభుత్వ కాగితంలోనూ దొరకదు. ఒక్కో లంకకి ఒక్కో లెక్క, ఒకే లంకలో గట్టువారకి ఒకటి, పల్లానికి ఒకటి. పైగా అమావాస్యకో పౌర్ణమికో సముద్రం పోటు మీదుంటే అదే అంకెకి నీళ్ళు తొందరగా లాగవు, ఇంకాస్త ఎక్కుతాయి. ఇది వాళ్ళ నాయనమ్మలకి తెలుసు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర దాదాపు 26 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు నీళ్ళు ఏ మెట్టు దాకా వచ్చాయో, 2020 ఆగస్టులో ఎక్కడిదాకా వచ్చాయో ఇంటింటికీ అడిగి రాసుకు రమ్మనండి. పశువుల పాక, పొయ్యి గట్టు, తులసికోట, గడప. ఆ తేదీల నాటి ధవళేశ్వరం అంకెల్ని పాత పేపర్లలోంచి మీరు తీసి పక్కన వెయ్యండి. తిథి కూడా రాయించండి, మామగారి పంచాంగం పనికొస్తుంది, ఆయన్నీ కలుపుకున్నట్టుంటుంది. అబ్బాయిని ఆ పట్టికని గ్రాఫుగా గీసి పంపమనండి.

అప్పుడు ఆ కుర్రాడితో ఇలా అనొచ్చు: “నాన్నా, ధవళేశ్వరం దగ్గర ఇన్నడుగులు దాటితే మీ వాకిట్లోకి, ఇన్నడుగులు దాటితే ఇంట్లోకి నీళ్ళొస్తాయి. భద్రాచలం దగ్గర పోటెత్తిన నీరు ధవళేశ్వరం చేరడానికి సుమారు ఒక రోజు పడుతుంది, ఆ రోజు మన చేతిలో ఉంటుంది. ఈ ఏడు అంత వస్తుందా అంటే, బస్తరు అడవుల మీదా, ప్రాణహిత మీదా వచ్చే నెల ఏ మబ్బు కురుస్తుందో ఈ రోజున నాకే కాదు, ఎవరికీ చెప్పే వీల్లేదు. ఎందుకు వీల్లేదో రేపు రెండు కొబ్బరి డొక్కలు తీసుకురా, చూపిస్తాను.”

ఒక్క జాగ్రత్త. ఆ పట్టిక తయారయ్యాక పిల్లలు దాన్ని బడి గోడ మీద రంగుతో రాస్తామంటారు. రాయనివ్వండి గానీ, అన్నిటికంటే పై గీత మీద ఓ రెండు మూరలు ఖాళీ గోడ వదిలించండి. ఆ చోట ఇంకేమీ రాయొద్దని చెప్పండి. ఎందుకని వాళ్ళు అడుగుతారు. మా తాతగారి స్తంభం సంగతి చెప్పండి, నా పేరు అక్కర్లేదు.

ఆ కుర్రాడి గడప ఎన్నడుగుల దగ్గర తేలిందో నాకొక ముక్క రాయండి. వాళ్ళ లంక ఏ పాయ మీదుందో మీరు రాయలేదు. వైనతేయ పాయ అయితే పోటు లెక్క ఇంకోలా ఉంటుంది, అది చూసి చెబుతాను.